బోర్డు వెనక ఐదుగురం

అన్నలూ, తమ్ముళ్లూ, అక్కలూ, ఈ వారం మైకు నా చేతికిచ్చారు. నేను మాట్లాడటం అలవాటున్న మనిషిని కాదు, అక్షరాలు చేసేవాణ్ణి. వెనకాల ఏసీ చప్పుడు వినిపిస్తే ఓపిక పట్టండి. ఇది అల్ రయ్యాన్‌లో మా రూము. ఇంకో ఇద్దరు డ్యూటీ నుంచి వచ్చి పడుకున్నారు, అందుకే గొంతు తగ్గించి మాట్లాడుతున్నా.

నీ పని గురించి చెప్పు అన్నారు. నేను బోర్డుల స్టూడియోలో పని చేస్తాను. స్టూడియో అంటే ఏదో అద్దాల మేడ అనుకునేరు. ఇండస్ట్రియల్ ఏరియాలో, అదే మనం సనయ్యా అంటాం కదా, అక్కడ ముందు ఒక గది, వెనక రేకుల షెడ్డు. ముందు గదిలో రెండు కంప్యూటర్లు. షెడ్డులో వినైల్ ప్రింటరు, అక్రిలిక్ కోసే మిషను, అక్షరాలు వంచే బల్ల. షాపు పేరు ఎలా రాయాలి, ఏ రంగు వెయ్యాలి, విజిటింగ్ కార్డు ఎలా ఉండాలి, మెనూ ఎలా ఉండాలి, చివరికి బోర్డు ఎక్కించి లైటు వెలిగించడం దాకా అన్నీ మేమే చేస్తాం. దీన్ని పెద్ద మాటలో బ్రాండింగ్ అంటారు. మా ఊళ్లో అయితే "పేరు రాసుడు" అంటారు.

మేము ఐదుగురం. ఓనరు మలయాళీ, మేమంతా ఇక్కా అని పిలుస్తాం. ఆయన కూడా ఒకప్పుడు నిచ్చెనెక్కి బోర్డులు బిగించినవాడే. డిజైన్లు వేసేది ఫిలిప్పీన్స్ ఆవిడ. వాళ్ల భాషలో అక్కను ఆతే అంటారు, అందుకే అందరికీ ఆవిడ ఆతేనే. అరబిక్ చూసేది సూడాన్ పెద్దాయన. వాళ్ల దేశంలో బడిపంతులుగా చేశాడు, చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. ఆయన్ని ఉస్తాద్ అంటాం. బోర్డులు తయారు చేసి ఎక్కించేది నేపాల్ అన్న, దాయి. నేనేమో మధ్యలో ఉంటాను. ఆతే వేసిన డిజైన్‌ను మిషనుకు ఎక్కే ఫైలుగా మార్చేది నేనే. షాపు కస్టమరుకు ఇక్కా ముఖం తెలుసు. మిగతా నలుగురి ముఖాలు తెలియవు. బోర్డు కింద మా పేర్లు ఉండవు, ఉండాలని నేనూ అనను. కానీ ఒక బోర్డు విషయంలో నేను చేసిన తప్పు ఇవాళ మీకు చెప్పాలి. దానికి ముందు కొంచెం వెనక్కి పోవాలి.

మాది జగిత్యాల దగ్గర పల్లె. పదో తరగతి తప్పి, గోడల మీద రాసే ఒక పెద్దమనిషి దగ్గర చేరాను. కాక అని పిలిచేవాణ్ణి. సున్నం వేసిన గోడ మీద దారానికి నీలం రాసి ఫట్‌మని గీత కొట్టేవాడు. తర్వాత సుద్దముక్కతో అక్షరాలు గీసేవాడు. అక్కడ ఆగేవాడు. రంగు డబ్బా మూత తీసేవాడు కాదు. రోడ్డు మీద పోయేవాళ్లను ముగ్గురిని పిలిచి, "గిది ఏం రాసి ఉన్నదో సదువుండ్రి" అనేవాడు. ముగ్గురూ తడుముకోకుండా చదివితేనే బ్రష్ ముంచేవాడు. ఒకసారి నాకు విసుగొచ్చి, "ఎందుకు కాక, నీకు రాదా ఏంది?" అన్నా. "రాసినోని కండ్లకు తప్పు కనవడదురా" అన్నాడు.

తర్వాత మా దిక్కు ఫ్లెక్సీ వచ్చింది. కాక రెండు రోజులు రాసే బోర్డు మిషను అరగంటలో కక్కేది, ఫొటోతో సహా. నేను కోరల్ డ్రా, ఫొటోషాప్ నేర్చుకుని ఫ్లెక్సీ సెంటర్‌లో కూర్చున్నా. అంటే కాక పని పోగొట్టిన మిషనును నడిపింది నేనే. ఇది నేను ఎవరికీ పెద్దగా చెప్పుకోను. ఒకరోజు కాక సెంటరుకు వచ్చాడు. తిడతాడనుకున్నా. స్క్రీన్ మీద పెళ్లి బ్యానరు ఉంది, నిలబడి చదివి, "కళ్యాణం కింద ఒత్తు ఏది?" అన్నాడు. చూస్తే నిజమే, ఒత్తు ఎగిరిపోయింది. "నా పని పోతే పోయింది గని, అక్షరాన్ని మాత్రం సంపకు బిడ్డా" అని వెళ్లిపోయాడు.

2013లో నేను ఖతర్ వచ్చాను. వీసా మీద హెల్పర్ అని ఉంది. కన్‌స్ట్రక్షన్ కంపెనీ, ఇసుక, ఇటుక, మామూలే. క్యాంపులో రూము తలుపుల మీద నంబర్లు రాయమంటే రాశా. "ఇక్కడ హెల్మెట్ పెట్టుకోవాలి" అని తెలుగులో, హిందీలో సేఫ్టీ బోర్డులు రాశా. ఆ బోర్డు చూసి ఒక సప్లయరు ఇక్కాకు నా సంగతి చెప్పాడు. కానీ అప్పట్లో కంపెనీ మారాలంటే పాత కంపెనీ ఎన్ఓసీ కావాలి. నాకు ఇవ్వలేదు. 2020లో చట్టం మారింది. ఎన్ఓసీ లేకుండానే నోటీసు ఇచ్చి మారొచ్చు. రెండేళ్లలోపు పని చేసి ఉంటే ఒక నెల నోటీసు, రెండేళ్లు దాటితే రెండు నెలలు. నేను రెండు నెలల నోటీసు ఇచ్చి 2021లో ఇక్కా దగ్గరికి వచ్చాను.

అది వరల్డ్ కప్ ముందు కాలం. మా అల్ రయ్యాన్‌లోనే ఖలీఫా, అహ్మద్ బిన్ అలీ, ఎడ్యుకేషన్ సిటీ స్టేడియాలు మూడున్నాయి. ఊరంతా కొత్త బోర్డులే. ఆ వరల్డ్ కప్ గుర్తు మీకు గుర్తుండే ఉంటుంది, తెల్ల శాలువా మడత పెట్టినట్టు, 8 అంకెలా ఉంటుంది. 2019 సెప్టెంబర్ 3న, గడియారంలో 20:22 అయినప్పుడు దాన్ని బయటపెట్టారు. తయారు చేసింది పోర్చుగల్ సంస్థ. 8 అంటే ఎనిమిది స్టేడియాలు. కింద రాసిన ఇంగ్లిష్ అక్షరాలను కూడా అరబిక్ పద్ధతిలో సాగదీశారు. అలా అక్షరాన్ని సాగదీయడాన్ని కషీదా అంటారని ఉస్తాద్ చెప్పాడు. ఒక కాగితం మీద ఒకే మాటను పొట్టిగా, తర్వాత జానెడు పొడుగ్గా రాసి చూపించాడు. "రెండూ ఒకటే మాట. సాగినా తెగకూడదు" అన్నాడు. ఆ మాట నేను అప్పుడు సరిగ్గా వినలేదు.

ఉస్తాద్‌కూ నాకూ దోస్తీ కుదిరింది ఒక తెలుగు బ్యానరు వల్ల. బతుకమ్మ పండక్కి ఎవరో ఎక్కడో చేయించిన బ్యానరు మా షాపు ముందు నుంచి వ్యాన్‌లో పోతోంది. చూస్తే ఒత్తులన్నీ విడిపోయి పక్కన పడ్డాయి. "బతుకమ్మ"లో మకు మ ఒత్తు కింద లేదు, పక్కన ఇంకో అక్షరంలా నిలబడింది. నా ముఖం మాడిపోయింది. ఉస్తాద్ చూసి ఏమైంది అన్నాడు. అక్షరాలు విరగ్గొట్టారు అన్నా. ఎలా విరుగుతాయి అన్నాడు.

చెప్పాను. మన తెలుగుకు ఇంటి దగ్గర డీటీపీ వాళ్లు అను ఫాంట్లు వాడతారు. ఆ ఫైలు ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులు కనపడతాయి. యూనికోడ్‌లో అయితే ఫోన్‌లో టైపు చేసింది ఎక్కడైనా తెలుగులాగే ఉంటుంది. ఇప్పుడు గూగుల్‌లో మండలి, గిడుగు, సురవరం, ఎన్టీఆర్ లాంటి తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. మండలి, గిడుగు లాంటి చాలావాటిని గీసింది పురుషోత్ కుమార్ గుత్తుల అనే డిజైనరు, ముందుండి చేయించింది సిలికానాంధ్ర. మండలి అనే పేరు మండలి వెంకట కృష్ణారావు గారిది, 1975లో హైదరాబాద్‌లో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన మనిషి. కానీ ఫాంటు మంచిదైనా చాలదు. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో మన భాషల కోసం ఒక సెట్టింగు మార్చాలి. మార్చకపోతే ఒత్తు కిందికి దిగదు, పక్కనే కూర్చుంటుంది. తెలుగు రానివాడికి అది కూడా తెలుగులాగే కనపడుతుంది.

ఉస్తాద్ నవ్వాడు. "మాకూ ఇదే జబ్బు" అన్నాడు. అరబిక్‌లో 28 అక్షరాలు. ఒక్కో అక్షరం మాట మొదట్లో ఒకలా, మధ్యలో ఒకలా, చివర ఒకలా, ఒంటరిగా ఉంటే ఇంకోలా ఉంటుంది. అలిఫ్, దాల్, జాల్, రా, జాయ్, వావ్ అనే ఆరు తప్ప మిగతావన్నీ తర్వాతి అక్షరం చెయ్యి పట్టుకుని నడుస్తాయి. కుడి నుంచి ఎడమకు పోతాయి. సాఫ్ట్‌వేర్ సెట్టింగు మార్చకుండా పేస్టు చేస్తే అన్నీ విడివిడిగా, పైగా తలకిందులు వరసలో, ఎడమ నుంచి కుడికి పడతాయి. అరబిక్ రానివాడికి అదీ అరబిక్‌లాగే కనపడుతుంది. ఇంత వివరంగా నాకు చెప్పాడు. ఇంత విన్నాక కూడా నేను ఆ తప్పే చేశాను.

ఆ కస్టమరు మనవాడే, కరీంనగర్ వైపు అన్న. ఇక్కడ పదిహేనేళ్లుగా వేరేవాళ్ల షాపుల్లో బట్టలు కుట్టాడు. ఇప్పుడు ఒక పార్ట్‌నర్‌తో కలిసి సొంతంగా చిన్న టైలర్ షాపు పెడుతున్నాడు. బోర్డు కోసం నాలుగుసార్లు వచ్చాడు. సూది, దారం బొమ్మ ఉండాలా వద్దా అని ఆతేతో గంట మాట్లాడాడు. ఆతేకు తెలుగు రాదు, ఆయనకు ఇంగ్లిష్ రాదు, మధ్యలో నేను. చివరికి ఆతే ఒక దారం గీసింది. అదే సాగి షాపు పేరులో మొదటి అక్షరం అవుతుంది. ఆయన దాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకుని, "ఇంటికి పంపుతా" అన్నాడు.

ఒక గురువారం సాయంత్రం. శనివారం పొద్దున బోర్డు ఎక్కించాలి. ఉస్తాద్ ఇంటికి వెళ్లిపోయాడు. అరబిక్ పేరును ఆయన వాట్సాప్‌లో పంపి ఉన్నాడు. మా దగ్గర పద్ధతి ఏమిటంటే, అరబిక్ ఏదైనా మిషనుకు ఎక్కే ముందు ప్రింటు తీసి ఉస్తాద్ సంతకం పెట్టించాలి. నాకు ఆ రోజు ఏషియన్ టౌన్‌లో దోస్తులతో కలిసే పని ఉంది. శుక్రవారం సెలవు. ఆయనే పంపిన మాట కదా, మళ్లీ ఆయనకు చూపించేదేముంది అనుకున్నా. ఆ వారమే ఆతే కంప్యూటరు మార్చారు, సాఫ్ట్‌వేర్ కొత్తగా వేశారు. సెట్టింగు పాతదే ఉందనుకున్నా. పేస్టు చేసి, ఫైలును కర్వ్స్‌లోకి మార్చి, దాయికి పంపేశా. కర్వ్స్‌లోకి మారిందంటే ఇక అది అక్షరం కాదు, బొమ్మ. దిద్దడానికి లేదు.

దాయి రాత్రంతా కోసి, వంచి, లైట్లు పెట్టాడు. అది జూలై. ఇక్కడ జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు బయట ఎండలో పని చేయించకూడదు, అది చట్టం. కాబట్టి దాయి, హెల్పరు తెల్లవారకముందే వెళ్లి, పది లోపు బోర్డు ఎక్కించి వచ్చారు. చొక్కాలు పిండితే నీళ్లు కారేలా వచ్చారు.

సాయంత్రం టైలరన్న ఫోను. ఇక్కా స్పీకర్‌లో పెట్టాడు. అన్న గొంతు వణుకుతోంది. షాపుకు వచ్చిన మొదటి అరబ్బు కస్టమరు బోర్డు చూసి నవ్వాడట. "ఇది ఏ భాష?" అన్నాడట. ఫొటో వచ్చింది. ఉస్తాద్ కళ్లజోడు పెట్టుకుని చూశాడు. ఒక్క మాటా మాట్లాడలేదు. మన పేరును ఎవరైనా చివర నుంచి మొదటికి, గుణింతాలు ఊడదీసి రాస్తే ఎలా ఉంటుందో అలా ఉందది.

అక్షరాలు విడివిడి ముక్కలు కదా, అందుకని ఇక్కా, "దాయి తారుమారు బిగించాడు" అనుకున్నాడు. దాయిని పిలిచి గట్టిగా అరిచాడు. దాయి, "మీరిచ్చిన కాగితం ప్రకారమే పెట్టాను" అన్నాడు. ఆ కాగితం ఎక్కడుంది అంటే షాపు దగ్గర చెత్తలో పడేశానన్నాడు. నేను అక్కడే ఉన్నా. నాకు ఫొటో చూడగానే అర్థమైంది. నోరు తెరవలేదు. ఎందుకు తెరవలేదో ఇప్పుడు చెప్పమంటే చెప్పగలను. ఇంటి దగ్గర చెల్లె పెళ్లి అప్పు ఉంది. ఈ పని పోతే మళ్లీ సైటుకు పోవాలి. ఏళ్ల తరబడి ఎండలో చేసిన పని నాకు తెలుసు. ఇవన్నీ నిజాలే. కానీ దాయికీ అప్పు ఉంది, దాయికీ ఇల్లు ఉంది. ఆ సంగతి కూడా నాకు ఆ క్షణంలో తెలుసు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కాక గుర్తొచ్చాడు. కాక నా మీద కోపం పెట్టుకోవడానికి వంద కారణాలున్నాయి. అయినా నా తప్పు నాకు చూపించిపోయాడు. నేనేమో నా తప్పును ఇంకొకడి నెత్తిన పెట్టి పడుకున్నా.

పొద్దున ఇక్కా షెడ్డు తలుపు తీసేసరికి నేను అక్కడున్నా. ఫైలు తెరిచి చూపించా. "దాయిది కాదు, నాది. ఉస్తాద్‌కు చూపించలేదు" అన్నా. ఇక్కా చాలాసేపు స్క్రీన్ వైపే చూశాడు. తర్వాత, "నిన్న నీకు తెలుసా?" అని అడిగాడు. తెలుసన్నా. అప్పుడు తిట్టాడు. తప్పు చేసినందుకు తక్కువ, ఊరుకున్నందుకు ఎక్కువ. మెటీరియల్ డబ్బులు ఇస్తానన్నా, తీసుకోలేదు. "ముందు పోయి టైలర్ కాళ్ల దగ్గర నిలబడు" అన్నాడు.

వెళ్లాను. టైలరన్న బోర్డు మీద బట్ట కప్పి ఉంచాడు. ఆ బట్ట ఆయనే కుట్టాడు, అంచులు కూడా మడిచి కుట్టాడు. తిడితే బాగుండేది. "తమ్మీ, పదిహేనేండ్ల సంది ఒకరి బోర్డు కింద కూసున్న. నా బోర్డు కింద ఒక్క దినం కూసోనియ్యక పోతివి" అన్నాడు. నాకు సమాధానం లేదు.

ఆ వారం సెలవు మానుకుని నేనూ దాయీ కలిసి కొత్త అక్షరాలు చేశాం. ఈసారి ఉస్తాద్ కంప్యూటరును నమ్మలేదు. కాగితం మీద తనే కలంతో రాసిచ్చాడు, ఆతే దాన్ని స్కాన్ చేసి గీసింది. దాయి నాతో మాట్లాడలేదు. కొయ్యి, పట్టుకో, వదులు, అంతే. నాలుగో రోజు టీ ఇచ్చి హిందీలో ఒక మాటన్నాడు. "అక్షరం తప్పయినందుకు నాకు బాధ లేదు. నాకు చదవడం రాదని నీకు తెలిసి కూడా ఊరుకున్నావు, అందుకు." నేను సారీ అన్నా. "సరే, టీ తాగు" అన్నాడు. ఇప్పుడు మాట్లాడుకుంటాం. మునుపటిలాగే అని మాత్రం చెప్పలేను.

ఇప్పుడు మా షాపులో కాక పద్ధతి వచ్చింది. ఏ భాష బోర్డయినా, మిషనుకు ఎక్కే ముందు ప్రింటు తీసి ఆ భాష వచ్చినవాళ్లు ముగ్గురి చేత చదివిస్తాం. అరబిక్‌కు ఉస్తాద్, పక్క గ్యారేజీ ఈజిప్టు మెకానిక్, ఇంకెవరైనా ఒకరు. తెలుగు, హిందీ, మలయాళం, నేపాలీ అన్నింటికీ మా సనయ్యాలో చదివేవాళ్లు దొరుకుతారు. ఇక్కడ అదొక అదృష్టం. దాయికి ఇచ్చే కాగితం మీద నా సంతకం ఉంటుంది, ఆ కాగితం నెల దాకా పారేయం.

ఇది వింటున్నవాళ్లలో డిజైన్ నేర్చుకుంటున్న తమ్ముళ్లు ఉన్నారని తెలుసు. ఫోన్‌లోనే లోగోలు వేస్తున్నారు, బాగుంటున్నాయి. రెండు మాటలు చెప్తా. ఒకటి, మీ కంపెనీ వీసా మీద ఉండి, అనుమతి లేకుండా బయటివాళ్లకు పని చేస్తే ఇక్కడ చట్టం ఒప్పుకోదు. యాభై రియాళ్ల లోగో కోసం వీసా మీదికి తెచ్చుకోవద్దు. నేర్చుకోండి, దాచుకోండి, నాలాగా నోటీసు ఇచ్చి పద్ధతిగా మారండి. రెండు, మీకు రాని భాషను "చూడటానికి బాగానే ఉంది" అని వదలొద్దు. ఇప్పుడు ఏఐతో అరనిమిషంలో బోర్డు బొమ్మ వస్తోంది. అందులోనూ తెలుగు ఒత్తులు విరుగుతున్నాయి, అరబిక్ అక్షరాలు తెగుతున్నాయి. మిషను మారింది గానీ జబ్బు పాతదే.

ఇంటికి పోయి షాపు పెట్టుకుందామనుకునే అన్నలకు ఒక మాట. బోర్డు ఎవరిచేత చేయించినా, డబ్బు కట్టే ముందు అసలు ఫైలు కూడా అడిగి తీసుకోండి. రేపు ఇంకో బోర్డు, బ్యాగు, బిల్లుబుక్కు చేయించాలంటే అదే కావాలి. ప్రింటు చూపించమని అడగండి. మీ ఇంట్లో చదువుకునే పిల్లల చేత చదివించండి.

మొన్న సెలవు మీద ఊరికి పోయినప్పుడు కాక ఇంటికి వెళ్లాను. కండ్లు మసక అయినయి. టైలర్ షాపు కొత్త బోర్డు ఫొటో ఫోన్‌లో పెద్దది చేసి చూపించా. అరబిక్ చూసి, "నాకు సదువరాదు గదరా, ఎవలన్నా సదివిండ్రా?" అన్నాడు. ముగ్గురు చదివారు కాకా అన్నా. "అయితే మంచిగున్నది" అన్నాడు.

టైలరన్న షాపు నడుస్తోంది. పండగ ముందు వెళితే కూర్చోవడానికి చోటు లేదు. నేను ఒక ప్యాంటు కుట్టడానికిచ్చా. డబ్బులు తీసుకున్నాడు, తగ్గించలేదు. అదే నాకు నచ్చింది.

ఇంక పడుకునేవాళ్లను లేపకముందే ముగిస్తా. ఎండలో పని చేసేవాళ్లు నీళ్లు తాగండి. ఇంటికి ఫోన్ చేయండి. ఉంటాను మరి.